బసవపున్నయ్య పూడ్చిన బొక్కలు

బసవపున్నయ్య మా పక్కవాటా మనిషి. తెనాలి నుంచి హైదరాబాదు వచ్చి కృష్ణానగర్‌లో స్థిరపడ్డాడు. సినిమాలకు సెట్లు వేసేవాడు. చెక్కా, గోనెపట్టా, ప్లాస్టరూ ఇస్తే చాలు, కోట లేపేవాడు. షూటింగ్ అయ్యేదాకా అది నిలబడితే ఆయన పని అయినట్టే.

తొంభైల్లో సెట్ల పని తగ్గింది. బావమరిది పోరు పడలేక చిన్న కాంట్రాక్టరుగా పేరు నమోదు చేయించుకున్నాడు. ఫిలింనగర్ కొండవాలున మట్టి జారకుండా అడ్డుగోడ కట్టాలని సర్కారువాళ్లు టెండర్ పిలిచారు. చిన్న సంస్థలకే ఇవ్వాలట. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నది ఈయనొక్కడికే.

"నేను కట్టేవన్నీ ఉత్తుత్తి గోడలండీ. మట్టినాపే గోడ సంగతి నాకు తెలీదండీ," అని ఇంజనీరు సూర్యప్రకాశరావుకు ముందే చెప్పాడు పాపం.

"కోటలు కట్టినవాడివి, గోడ కట్టలేవా? ప్లాన్ ఇస్తాం, చూసి కట్టెయ్," అన్నాడు ఆ మహానుభావుడు.

ఆ వాలు కిందే ఓదెలు, మల్లమ్మ దంపతుల రేకుల ఇల్లు. ఓదెలు ఒక స్టూడియోలో రాత్రి కాపలా. వానాకాలం వస్తే కంటిమీద కునుకుండేది కాదు వాళ్లకు. గోడ లేస్తుంటే ఓదెలు సంబరపడి పున్నయ్యకు రోజూ చాయ్ తెచ్చిచ్చేవాడు.

"ఇగ ఫికర్ లేదన్నా. వానొచ్చినా నిమ్మలంగ పండుకుంట," అనేవాడు.

ప్లాన్‌లో ఉన్నట్టే నీళ్లు పోవడానికి గోడలో వరసగా బొక్కలు వదిలాడు పున్నయ్య. తీరా ప్రారంభోత్సవానికి పెద్దలొస్తున్నారనగానే సెట్ల బుద్ధి పైకొచ్చింది. ఫోటోల్లో బొక్కలేం బాగుంటాయని అన్నీ సిమెంటుతో పూడ్చేసి, పైన రాతి గీతలు గీయించాడు. పోనీ ఇంజనీరైనా బొక్కలేవని అడిగాడా? గోడ నిమిరి, "అచ్చం కోటేనయ్యా," అని మెచ్చుకుని కారెక్కాడు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది నాకు.

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టింది. కొండ నీళ్లకు దారి లేక గోడ వెనకే నిలిచాయి. ఒక మధ్యాహ్నం గోడ మొత్తం రేకుల మీద పడింది. మల్లమ్మ పంపు దగ్గర ఉంది. ఓదెలు లోపల నిద్రపోతున్నాడు, నిమ్మలంగా.

పున్నయ్య చేతులతోనే మట్టి తోడాడు. ఓదెలు దక్కలేదు. ఆఫీసుకెళ్లి, బొక్కలు పూడ్చింది నేనేనండీ అని ఏడ్చాడు. వాళ్లు మాత్రం వాన ఎక్కువైందని రాసుకున్నారు.

మళ్లీ టెండర్ పిలిచారు. ఈసారి అలాంటి గోడ కట్టిన అనుభవం ఉండాలన్నారు. చిన్న సంస్థల్లో అది ఎవరికుంది? మా పున్నయ్యకే ఉంది. వద్దని మొత్తుకున్నాడు. కాదంటే పాత గోడ మీద కేసు పెడతామన్నారు.

పునాదికి ముగ్గు పోసిన రోజు మల్లమ్మ వచ్చి నిలబడింది. పున్నయ్య తలెత్తలేదు. తిడుతుందనుకున్నాం. తిట్టినా బాగుండేది.

"గీపారైనా బొక్కలుంచు సారూ," అంది. "నేను గీడనే ఉంట. నాకు వేరే జాగ లేదు."