ఎడమచేతి దూదేకులాయన

కరోనా లాక్‌డౌన్ ఎత్తేసిన ఏడాది జూన్‌లో, గుంటూరు బ్రాడీపేటలోని ఒక యానిమేషన్ స్టూడియోలో కంటిన్యుటీ సూపర్‌వైజర్‌గా చేరాను. నా కింద ఇద్దరు చెకర్లు, నా పైన డైరెక్టర్ శ్రీధర్. స్టూడియో అప్పట్లో ఒక టీవీ ఛానల్‌కి ‘ఘాటు వీధి’ అనే బొమ్మల కామెడీ తీస్తోంది. మిర్చియార్డులో కమీషన్ వ్యాపారం చేసే చెంచురామయ్య, ఆయన్ని లెక్కచేయని భార్య తాయారమ్మ, ఇద్దరినీ లెక్కచేయని ఒక ఒంగోలు గిత్త. ఆదివారం పొద్దున్నే వచ్చేది.

మా పని చాలామందికి తెలియదు. బొమ్మల సీరియల్లో ఒక్కో షాట్‌ను ఒక్కొక్కరు గీస్తారు. ఒకరు గీసిన చెంచురామయ్య ఇడ్లీ తినేస్తాడు, పక్క షాట్ గీసినవాళ్లకు ఆ సంగతి తెలియదు, తిన్న ఇడ్లీ మళ్లీ ప్లేటులో ప్రత్యక్షమవుతుంది. అలా జరగకుండా చూడడమే కంటిన్యుటీ. అందుకు మాకు ఆధారం మోడల్ షీట్. ఒక పాత్ర ముందునుంచీ వెనకనుంచీ ఎలా ఉంటుంది, జేబు ఏ వైపు, ఏ చేతివాటం, అన్నీ అందులో గీసి ఉంటాయి. షీట్‌తో సరిపోని షాట్ వెనక్కి పోతుంది. నా నోరు మంచిది కాదని ఆఫీసులో పేరు. తప్పులు పట్టడానికే జీతమిస్తుంటే తియ్యగా ఎలా మాట్లాడతాను?

చేరిన కొత్తలోనే ఒక వింత గమనించాను. ప్రతి ఎపిసోడ్‌లోనూ ఏదో ఒక మూల, గోడ పక్కనో బస్తాల వెనకో, కథతో సంబంధం లేని మనిషి ఒకడు కూర్చుని పెద్ద విల్లుతో దూది ఏకుతున్నాడు. స్క్రిప్టులో లేడు, షీట్‌లో లేడు. బ్యాక్‌గ్రౌండ్లు గీసే మస్తాన్ వలీని పిలిచి, ఎవరయ్యా ఈ పిలవని పేరంటం అని అడిగాను. మస్తాన్‌ది ప్రత్తిపాడు. నలభై దాటిన మనిషి, మాట్లాడితే ఎక్కడ ఖర్చయిపోతుందో అన్నట్టుంటాడు. తలొంచుకుని, “మా నాన్నండి” అన్నాడు.

ఆయన ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడట. మస్తాన్‌కి నాలుగేళ్లప్పుడు పోయాడు. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు. మొహం గుర్తులేక, బొమ్మలో కూడా మొహం కనపడకుండా తలపాగా కిందికి దించి గీశాడు. విల్లు, కూర్చునే తీరు మాత్రం మరో దూదేకులాయన్ని చూసి నేర్చుకున్నాడు.

తీయించేస్తానని అనుకున్నాడు పాపం. నేను ఆ పని చేయలేదు. దొంగతనంగా ఎందుకు, దర్జాగానే ఉండనీ అని మోడల్ షీట్ గీయమన్నాను. ఎడమ చేత్తో విల్లు, కుడి చేత్తో తాడును కొట్టే కొయ్య. కొన్నాళ్లకు చూసేవాళ్లూ కనిపెట్టారు. ఈ వారం దూదేకులాయన ఎక్కడున్నాడో చెప్పుకోండి అంటూ ఇంటర్నెట్‌లో పందేలు. గిత్తకన్నా ఈయనకే అభిమానులు ఎక్కువయ్యారని శ్రీధర్ కాస్త కుళ్లుకునేవాడు కూడా.

ఒక ఆదివారం నేను బంధువుల పెళ్లికి కొత్తపట్నంలో ఉన్నాను. విడిదింట్లో టీవీ పెట్టారు. గిత్త తెంచుకుని పారిపోతుంటే చెంచురామయ్య దంపతులు వీధంతా వెంటపడే సీను. చూస్తూ చూస్తూ ఒక్కసారి లేచి నిలబడి “పైట! పైట!” అని అరిచాను. పెళ్లికూతురు ఉలిక్కిపడి తన పైట చూసుకుంది. తీరా చూస్తే తప్పు తాయారమ్మది. పైట కుడి భుజం మీద ఉంది. చెంచురామయ్య చొక్కా జేబు కుడివైపుకి పోయింది. మూల కూర్చున్న దూదేకులాయన కొయ్యను ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

ఏం జరిగిందో అక్కడే అర్థమైంది. షాట్‌ను ఫ్లిప్ చేశారు. అంటే బొమ్మను అద్దంలో చూసినట్టు అటుదిటు తిప్పేయడం. గిత్త కుడికి కాదు, ఎడమకి పరిగెత్తాలని శ్రీధర్‌కి ఆఖరి నిమిషంలో తోచింది. మళ్లీ గీసే టైం లేక తిప్పేశారు. కొట్ల మీది బోర్డుల్లో అక్షరాలు మాత్రం గుర్తుపెట్టుకుని సరిచేశారు, మహానుభావులు!

సోమవారం వెళ్లి అందరికీ తలంటు పోశాను. అప్పటికే ఛానల్ నుంచీ చీవాట్లొచ్చాయి. ఆన్‌లైన్‌లో పెట్టేలోగా షాట్ సరిచేయాలన్నారు. అందరూ వెళ్లాక మస్తాన్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

“మేడం, మిగతావన్నీ సరిచేయండి. ఆయన్ని మాత్రం తిప్పొద్దండి.”

సంగతేమిటంటే, వాళ్లమ్మ హుసేన్‌బీ కొడుకు పనిచేసే సీరియల్ అని ప్రతి ఆదివారం చూసేది. నాన్నను పెట్టానమ్మా చూడు అని మస్తాన్ మొదట్లోనే చూపించాడు. ఆమె తేరిపార చూసి, “ఎవరో దూదేకులాయన. బానే ఉన్నాడు. మీ నాన్న కాదులేరా” అందట. ఏం తేడానో చెప్పలేకపోయింది. అన్ని ఎపిసోడ్లకూ అదే మాట. నిన్న మాత్రం కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తిపీట వదిలేసి లేచింది.

“ఒరేయ్ మస్తానూ, మీ నాన్నరా! ఎడం చేత్తో కొడతన్నాడు చూడు! ఆయనది పుర్రచెయ్యే కదరా!”

ఆ మాట చెబుతూ మస్తాన్ ఏడ్చేశాడు. తండ్రిది పుర్రచెయ్యని నాలుగేళ్ల పిల్లాడికేం తెలుస్తుంది? తల్లికి అది ఎంత మామూలు విషయమంటే, ప్రత్యేకంగా చెప్పాలని ఎన్నడూ తోచలేదు. ఇప్పుడు మేము షాట్‌ను సరిచేస్తే ఆయన మళ్లీ ఎవరో దూదేకులాయన అయిపోతాడు.

శ్రీధర్ ఒప్పుకోలేదు. అతని వాదన తీసిపారేయదగ్గది కాదు. “మేడం, ఇన్నాళ్లూ కుడిచేత్తో కొట్టినాయన ఉన్నట్టుండి చెయ్యి మారిస్తే జనం ఏకిపారేస్తారు. అసలాయన్నే తీసేద్దాం, గొడవుండదు” అన్నాడు. తీసేయడం నిజంగానే తేలిక. మస్తాన్ నా వైపు చూశాడు.

కంటిన్యుటీలో ఆఖరి మాట సూపర్‌వైజర్‌దే. షాట్ మళ్లీ గీయమని రాశాను. పైట ఎడమ భుజానికి, జేబు ఎడమవైపుకి, దూదేకులాయన ఎడమచేతివాటానికి. మోడల్ షీట్ కూడా మార్చాలి, ఇకమీదట అదే ప్రమాణం అని చెప్పాను. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవడమెందుకు?

అయితే కొత్త షీట్‌ను ఈసారి ఊహించి గీయడానికి వీల్లేదన్నాను. మర్నాడు మస్తాన్ తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. బక్కపల్చటి మనిషి, ఏసీకి కొంగు భుజాల నిండా కప్పుకుంది. ఆయన ఎలా కూర్చునేవాడమ్మా అని అడిగితే, “చెప్తే ఏం తెలుస్తదమ్మా” అని నేల మీద చతికిలబడింది. మా దగ్గరున్న పొడుగాటి కర్రస్కేలును విల్లులా కుడి చేత్తో పట్టుకుంది. ఎడమ చేతికి పేపర్‌వెయిట్ ఇచ్చాం. కొట్టడం మొదలుపెట్టింది. ప్రతి దెబ్బకీ ఎడమ భుజం కొంచెం పైకి లేస్తోంది, తల పక్కకి వాలుతోంది. నోటితో టంయ్ టంయ్ అని అంటోంది కూడా. చెకర్లిద్దరూ పని ఆపేసి చూస్తున్నారు.

మస్తాన్ ఎదురుగా కింద కూర్చుని గీశాడు. ఆమె బొమ్మ చూసి, “ఇంకాస్త వంచు. వీపు ఎప్పుడూ నిటారుగా ఉండేది కాదు” అంది. వంచాడు. ఆమె మళ్లీ చూసింది. ఈసారి దిద్దడానికేమీ లేదు. “తలపాగా కొంచెం పైకి లేపరా, మొహం నేను చెప్తా” అంది.

షాట్ ఆన్‌లైన్‌లోకి వెళ్లాక, శ్రీధర్ అన్నట్టే కామెంట్ల వాన కురిసింది. చెయ్యి ఎందుకు మారింది, మీ చెకర్లు నిద్రపోతున్నారా అని. పాత ఎపిసోడ్లు వెనక్కి వెళ్లి దిద్దడానికి మాకు అనుమతి లేదు. కాబట్టి వాటిలో ఆయన ఇప్పటికీ కుడిచేత్తోనే కొడుతుంటాడు. నా ఉద్యోగంలో తెలిసి వదిలేసిన తప్పులు అవే.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇది. పాత షాట్‌తో కొత్త షాట్ సరిపోయిందా అని చూడడం మాకు వచ్చు. పాతది సరైనదేనా అన్నది షీట్‌ను అడిగితే తెలియదు, మనిషిని ఎరిగినవాళ్లను అడగాలి. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఏ ఎపిసోడ్‌లోనూ దూదేకులాయన చెయ్యి మారలేదు. ప్రతి ఆదివారం, ముందు అదే చూసేదాన్ని.