పది దీపాలకు పెట్టిన బొట్టు

నాకు నోరు జాస్తి. మా షెడ్డులో అందరికీ తెలుసు. ఆ శుక్రవారం మాత్రం ఆ నోరు పెగలక చచ్చినంత పనైంది.

రేణిగుంట దారిలో ఉండే చిన్న ఫ్యాక్టరీ మాది. బొగ్గు గనిలో దిగేవాళ్లు హెల్మెట్‌కు తగిలించుకునే లైట్లు చేస్తాం. ఊరికే లైటు కాదబ్బా! గనిలో అంటుకునే గ్యాసు ఉంటాది. లైటు లోపల చిన్న నిప్పురవ్వ పుట్టినా అది బయటికి రాకూడదు. అందుకే మూత దగ్గర వెంట్రుక వాసి సందు కూడా ఉండకూడదు.

మా మొట్టమొదటి పది లైట్లు గనికి పోయే రోజది. పదిమంది పెట్టుకొని చూస్తారు, బాగుంటే ఆర్డరు మాదే, లేదంటే షెడ్డుకు తాళమే అని సూపర్‌వైజరు సారు వారం నుంచి చెప్తానే ఉన్నాడు. నాకు కాలు నిలవలేదు. అందరికన్నా ముందే పోయినాను. మూతలు బిగించని పది లైట్లు బల్ల మీద వరసగా ఉండాయి. కొత్త గ్రైండరు కొన్నా బొట్టు పెట్టకుండా వాడతామా? తిరుచానూరు కుంకుమ పొట్లం ఎప్పుడూ నా బ్యాగులోనే ఉంటాది. పదిటికీ అంచున తలా ఒక బొట్టు పెట్టి, దండం పెట్టుకొని, సారు చూస్తే అరుస్తాడని కొంగుతో తుడిచేసినాను.

మూతలు బిగించినాక, లోపలికి గాలి కొట్టి నీళ్ల తొట్లో ముంచుతాం, పంచరు షాపులో ట్యూబు ముంచినట్టు. తొమ్మిది గమ్మున ఉన్నాయి. పదోది బుడగలు వదిలింది. మూత కింద ఉండే రబ్బరు రింగు మార్చినారు. మళ్లీ బుడగలే!

"రింగు ఎక్కించింది ఎవరు?" అని సారు అరిచినాడు.

పలమనేరు నుంచి వచ్చి నెల కూడా కాని ఒకామె లేచి నిలబడింది. "నేనే సార్. సరిగ్గానే ఎక్కించినాను."

"సరిగ్గా ఎక్కిస్తే గాలి ఎట్ల పోతాది? రేపట్నుంచి రావద్దులే!"

ఆమె ఏడుపు ఆపుకుంటా చేతి తొడుగులు తీసేసింది. నేను ఆ పదో లైటు విప్పి చూసినాను. రింగు కూర్చునే గాడిలో ఎర్రగా ఒక నలక. నా కుంకుమే!

"తప్పు ఆమెది కాదు సార్. నాది. పొద్దున బొట్టు పెట్టినాను."

"బొట్టా? అక్కా, నీకు మతి ఉండాదా?" అని సారు తల పట్టుకున్నాడు. "సరే, తుడిచి బిగించండి. నాలుగింటికి పార్సిలు బండి వస్తాది. ఇదొక్కటే కదా?"

ఒక్కటే అనుంటే అయిపోయేది. మిగతా తొమ్మిదీ నీళ్లలో పాసయినాయి. అవన్నీ విప్పితే బండి అందదు, అందరి నోటికాడ కూడు నావల్ల పోతాది. విప్పకపోతే? తొట్లో బయటపడని నలక గనిలో బయటపడితే? ఆ లైట్ల కింద తొమ్మిది తలకాయలుంటాయి.

"పదిటికీ పెట్టినాను సార్."

సారు గడియారం చూసినాడు. "నిలబడి చూస్తారేంది? విప్పండి!" అని స్క్రూడ్రైవరు తనే తీసుకున్నాడు. పలమనేరామెను కూడా వెనక్కి పిలిచినాడు.

అబ్బా, ఆ రెండు గంటలు! నేను మూతలు విప్పతా ఉంటే ఆమె కుంచెతో గాడులు తుడిచి కొత్త రింగులు ఎక్కించింది. "నీ బొట్టు పాడుగాను అక్కా!" అని తిడతానే తుడిచింది. ఇంకో రెండిట్లో ఎర్ర నలక దొరికింది. పదీ మళ్లీ ముంచినాం. ఒక్క బుడగ రాలేదు! అందరం కేకలు పెట్టినాం. బయట బండి కదలబోతా ఉంటే పలమనేరామె పరిగెత్తి గేటుకు అడ్డం నిలబడింది. పెట్టె చంకన పెట్టుకొని నేను వెనకే ఉరికినాను.

నెల తర్వాత ఆర్డరుతో పాటు సారు ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. గని నుంచి పైకొచ్చిన మనుషులు, మొహాలంతా మసి. వేలు పెట్టి లెక్కపెట్టినాను. పదిమంది. మళ్లీ లెక్కపెట్టినాను. పదిమందీ ఉండారు. చివరాయన నుదుట ఆ మసిలో కూడా కుంకుమ బొట్టు కనపడతా ఉండాది. దానికి రెండు వేళ్ల ఎత్తున మా లైటు. పొద్దున ఇంట్లో వాళ్లమ్మో పెండ్లామో పెట్టి పంపినట్టుండారు.

"సూడక్కా, బొట్టు యాడ పెట్టాల్నో ఆయమ్మకు తెలుసు" అనింది పలమనేరామె.

నేను పకపకా నవ్వినాను. నవ్వతానే ఏడ్చేసినాను.