బియ్యపు గింజల మీద

నిన్న బియ్యం డబ్బా చేజారింది. ఏరడానికి మోకాళ్ళ మీద వంగితే గింజలు గుచ్చుకుని, చిన్నప్పుడు కువైట్‌లో, ఫహాహీల్‌లో మేమున్న ఫ్లాట్ గుర్తొచ్చింది.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన రోజుల్లో, పక్క ఊరు అహ్మదికి డ్యూటీకెళ్ళిన నాన్న తిరిగి రాలేదు. అమ్మా నేనూ రోజంతా జపమాల చెప్పుకునేవాళ్ళం. అయినా నాన్న రాకపోయేసరికి, మా జపంలో నొప్పి చాలడం లేదనుకున్నాను. మా చర్చి పునీతులు గులకరాళ్ళ మీద మోకరించేవారని అమ్మమ్మ చెప్పేది. ఫ్లాట్‌లో రాళ్ళెక్కడివి? ఇంట్లో మిగిలిన బియ్యమంతా నేల మీద పోసి, దాని మీద మోకరించాను.

అమ్మ చూసింది. తిట్టే ఓపిక కూడా లేదామెకి.

"ఏం చేస్తన్నావే?"

"ప్రాయశ్చిత్తం. నాన్న రావాలని."

అమ్మ నా ఎదుటే మోకాళ్ళ మీద వంగింది. తనూ నాతోపాటు ప్రార్థిస్తోందని పొంగిపోయాను.

"కాస్త లెగమ్మా, నీ కింద ఇంకా ఉన్నాయి" అంది.

గింజా గింజా ఏరింది. నా మోకాళ్ళకి అంటుకున్నవి కూడా గిన్నెలోకి దులిపి, గంజి కాచింది.

నాన్న ఆ వారమే వచ్చాడు. నా మోకాళ్ళ వల్లేనని చాలా ఏళ్ళు నమ్మాను.

నిన్న సగం ఏరేసరికే నడుం పట్టేసింది. ఆ రోజు అమ్మ ప్రార్థిస్తోందనుకున్నాను కదా, అందులో మాత్రం పొరబడలేదు.