ఎడమ పేజీ

మొన్న కాశీబుగ్గ బస్టాండు దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే, పక్క కొట్టులోంచి కుట్టుమిషను నూనె వాసన, దానితోపాటు కొత్త గుడ్డ గంజి వాసన వచ్చాయి. జీడిపిక్కలు కాల్చే పొగ ఊరంతా కమ్ముకుని ఉన్నా నా ముక్కు ఆ వాసననే పట్టుకుంది. చేతిలో పార్సిలు ఉంది. అందులో నా కొత్త కథల పుస్తకం ప్రతులు. కట్ట విప్పాలన్న తొందర కాస్తా పోయి కూర్మం మావ గుర్తొచ్చాడు.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. తొంభైల చివర నేను పలాసలో డిగ్రీ చదువుతున్నప్పుడు ఆయన కాశీబుగ్గలో ఒంటి మిషను దర్జీ. మా ఊరు అక్కుపల్లి వైపు, కొబ్బరితోటల మధ్య. సాయంత్రం బస్సు వచ్చేదాకా ఆయన కొట్టు బల్లే నాకు దిక్కు. చుట్టమేమీ కాదు, అయినా మావే. బక్కపలచని మనిషి, మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. ఆ పెన్సిలుతోనే గుడ్డ మీద గీతలు గీసేవాడు, దానితోనే కథలూ రాసేవాడు.

ఆయన నెలకో చేతిరాత పత్రిక తయారుచేసేవాడు. ఉండేది ఒకే ఒక్క ప్రతి. తెల్లకాగితాలు మడిచి, మిషను మీద మధ్యలో కుట్టు వేసి, మిగిలిపోయిన గుడ్డముక్కతో అట్ట వేసేవాడు. ఆయన, నేను, ఒక బస్సు కండక్టరు, జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లే ఇద్దరు ఆడవాళ్లు అందులో రాసేవాళ్లం. షరతు ఒక్కటే. రాసేవాళ్లు కుడి పేజీలోనే రాయాలి. ఎడమ పేజీ చదివినవాళ్లది. బట్టల కోసం వచ్చినవాళ్లు బల్ల మీద కూర్చుని చదివి, తోచింది అక్కడ రాసి పోయేవారు. "ఇది మా ఆడపడుచు కథే" అని ఒకరు, "ఆఖర్న ఆ పిల్లని ఎందుకు చంపేశారు?" అని ఒకరు.

నాకు అదంతా చిన్నపిల్లల ఆటలా ఉండేది. నాకు కావలసింది అచ్చు. వారపత్రికలో నా పేరు, దాని కింద మా ఊరి పేరు. ఆ పిచ్చి ఎంతంటే, నోటుపుస్తకాల వెనక పేజీల్లో సంతకం సాధన చేసేదాన్ని.

"మావా, నువ్వింత బాగా రాత్తావు గదా, పత్రికలకెందుకు పంపవు?" అని ఒకసారి నిలదీశాను.

ఆయన మిషను ఆపలేదు. "రోజంతా ఊరోళ్ల కొలతలకి కుడతన్నాను గదమ్మా. ఇదొక్కటీ నా కొలతకి కుట్టుకుంటన్నాను. ఆ మాట ఒగ్గీ."

"అయితే నానూ పంపకూడదేటి?"

"నానలాగన్నానా? నీ ఆకలి నీది, పంపు. కాపోతే నకలు రాసుకుని పంపు."

ఆ చివరి మాట నేను చెవిన పెట్టలేదు.

ఆ ఏడే మా నాన్నకు కిడ్నీ జబ్బు బయటపడింది. ఉద్దానంలో ఇంటింటికీ తెలిసిన జబ్బే, మా ఇంటికి మాత్రం రాదనుకున్నాం. మనిషి చిక్కిపోతుంటే నీలం గళ్ల చొక్కా ఒకదాన్ని మావ దగ్గర మూడుసార్లు పక్కలు కోయించి బిగించాల్సి వచ్చింది. మూడోసారి నాన్న కొట్టు బయట సైకిలు పట్టుకుని నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. నేను చూశానని ఆయనకు తెలియదు. దాన్నే కథగా రాశాను. నేరుగా మావ పత్రికలోనే, ఐదు కాగితాల్లో.

తర్వాత పరీక్షలొచ్చి రెండు వారాలు కొట్టుకు వెళ్లలేదు. వెళ్లిన రోజే ఒక వారపత్రికలో కథల పోటీ ప్రకటన చూశాను. గడువు రెండు రోజులే ఉంది. మావ టీకి వెళ్లాడు. బల్ల మీద బ్లేడుంది. నా ఐదు కాగితాలూ కుట్టు దగ్గర కోసి సంచిలో పెట్టుకున్నాను. కాగితానికి ఒకవైపే రాయాలని పోటీ నిబంధన. నా కాగితాల వెనక చదివినవాళ్ల మాటలున్నాయి. ఇంటికి వెళ్లి మైదాపిండి ఉడకబెట్టి, ఆ రాతల మీద తెల్లకాగితాలు అతికించేశాను. చదవనైనా లేదు. ఆఖరి దాని మీద పెన్సిలుతో రాసిన వంకర అక్షరాలు కనిపించాయి, ఎవరివోలే అనుకున్నాను. తిరుగు స్టాంపులు కూడా పెట్టకుండా పోస్టు చేశాను. నా మీద నాకు అంత నమ్మకం.

నాలుగు రోజులు మొహం చాటేసి ఐదో రోజు వెళ్లాను. మావ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"పోటీకి పంపినావా?"

తల ఊపాను.

"మంచిదే. మరి మీయయ్య రాసింది దాసుకున్నావా?"

"మా అయ్యా? ఏటి రాసినాడు?"

మిషను ఆగింది. "సూళ్లేదా? చొక్కాకొచ్చి, ఇక్కడే కూకుని అంతా సదివినాడు. నా పెన్సిలు అడిగి పుచ్చుకుని ఆఖరి కాగితం ఎనక రాసినాడు. ఏటి రాసినాడో నాకు తెల్దమ్మా. నీకు రాసింది నానెందుకు సదువుతాను?"

ఐదో తరగతితో బడి మానేసిన మా నాన్న సంతకం తప్ప ఏదీ రాయగా నేను చూడలేదు. ఆయన నాకు రాసిన మొదటి మాటల మీద నా చేతులతోనే మైదా పూశాను. సిగ్గుతో అక్కడే ఏడ్చేశాను. ఇంట్లో అడిగే ధైర్యం లేదు, నాన్న కూడా ఆ ఊసు ఎత్తలేదు. నలుగురు చదివేచోట తన కన్నీళ్లు పెట్టినందుకు నన్ను క్షమించాడో లేదో తెలియక మూడు నెలలు ఆయన ముఖం చూడలేకపోయాను. పోటీ ఫలితాలొచ్చాయి, నా పేరు లేదు. కాగితాలూ తిరిగి రాలేదు. పేరు లేనందుకు బాధపడటం కూడా మరిచిపోయాను.

ఒకరోజు మావ కొత్తగా కుట్టిన పుస్తకం నా చేతిలో పెట్టాడు. నీలం గళ్ల అట్ట. నాన్న చొక్కా పక్కల్లోంచి కోసిన ముక్కలన్నీ కలిపి కుట్టాడు.

"మళ్లీ రాయి."

"గుర్తు లేదు మావా."

"ఇప్పేసిన కుట్టు మళ్లీ ఎయ్యమేటి? ఇప్పుడు పోటీ లేదు, గడువు లేదు. రాసి మీయయ్యకియ్యి."

వారం పట్టింది. ఎప్పటికైనా అచ్చుకు పనికొస్తుందని మొదటిసారి పెట్టిన బరువైన మాటలు ఈసారి వాటంతటవే రాలిపోయాయి. ఎవరూ మెచ్చుకోకపోయినా ఫరవాలేదు, ఒక్క మనిషి చదివితే చాలనిపించింది. రాయడంలో అంత హాయి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

పెరట్లో మంచం మీద కూర్చున్న నాన్నకు పుస్తకం ఇచ్చి పక్కనే నిలబడ్డాను. వేలు పెట్టుకుని చదవడానికి గంట పైనే పట్టింది.

"ఇది సదివిందే గదేటి," అన్నాడు.

"అది పోయింది అయ్యా. నువ్వు రాసింది నాను సూళ్లేదు."

నాన్న నన్నొకసారి చూశాడు. "అప్పుడేటి రాసినానో గుర్తు లేదే. పెన్సిలియ్యి."

నాన్న తర్వాత నాలుగేళ్లు ఉన్నాడు. కూర్మం మావ కూడా ఇప్పుడు లేడు, ఒక్క ముక్కా అచ్చుకు పంపకుండానే పోయాడు, హాయిగానే పోయాడు. నేను మాత్రం పంపుతూనే ఉన్నాను. అచ్చులో పేరు చూసుకుంటే ఇప్పటికీ నాకు ఆ పూట అన్నం సహించదు, అంత సంతోషం. కానీ ఏ కథైనా కుడి పేజీలోనే మొదలుపెడతాను. ముందు ఎవరో ఒకరి చేతికిస్తాను, నేను పాఠాలు చెప్పే టెక్కలి బడిలో పక్క గది టీచరుకో, ఇంట్లో మా అమ్మాయికో. ఎడమ పేజీ నిండాకే మిగతా ఆలోచన.

ఆ రోజు ఇంటికొచ్చి పార్సిలు విప్పాను. నాన్న చొక్కా కథ ఆ పుస్తకంలో ఉంది. దాని పక్కన నీలం గళ్ల అట్ట తెరిచాను. ఎడమ పేజీలో పెన్సిలు అక్షరాలు కొంచెం మసకబారాయి: "ఆ రోజు నాను ఏడవలేదు. కంట్లో ఇసక పడింది. మిగతాదంతా నిజమే. బాగా రాసినావు."

ఈ నీలం గళ్ల పుస్తకం మాత్రం ఎవరికీ పంపలేదు. అచ్చుకు ఎప్పుడూ నకలే పంపుతాను.