మీటరు మీద ఎర్ర లైటు

కరోనా తగ్గిన మరుసటి ఎండాకాలం. ఆదోనిలో నాది టీవీలు, ఏసీలు అమ్మే షాపు. వైరింగు పని కూడా నేనే చూస్తా. ఆడమనిషికి కరెంటు పనేందని నవ్వేవాళ్లకు నా నోరే జవాబు చెబుతుంది.

ఆ పొద్దు ఎమ్మిగనూరు నుంచి నాగప్పన్న ఫోన్ చేసినాడు. నా దగ్గరే ఏసీ కొన్న ఆసామి. "ఎనకింట్లో అద్దెకుండే రత్నమ్మ దొంగ వైరు లాగి నా కరెంటు వాడుకుంటాందమ్మా. ఇద్దరికీ ఒకటే మీటరు, ఆమెకు ఒక లైటు, ఒక ఫ్యానుకే ఒప్పుకున్నా. బిల్లు సూస్తే కళ్లు తిరుగుతాండాయి. నువ్వొచ్చి వైరు పట్టిచ్చు, సాయంత్రానికి ఖాళీ చేపిస్తా" అన్నాడు.

నేను పోయేసరికి వీధంతా ఆడే ఉంది. రత్నమ్మ మాత్రం మగ్గం గుంతలోంచి లేవలేదు. గుంత మగ్గం నేలలోకి దిగేసి ఉంటుంది, మంచం మాదిరి ఎత్తుకపోయేది కాదు. చీర సగానికొచ్చింది.

"ఇప్పుడు పొమ్మంటే పడుగు దారాలన్నీ కోసెయ్యాలక్కా. నూలు షావుకారిది. దొంగ అని పేరొస్తే మల్లా నాకెవరిస్తారు నూలు?" అనింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

బయటికొచ్చి నాగప్పన్నను అడిగినా: "నీ ఇంట్లో అన్నీ ఆపినావా అన్నా?"

"ఫ్రిజ్ స్విచ్ గూడా తీసేసినా. అన్నీ బందు. అయినా మీటరు మీద ఎర్ర లైటు కొట్టుకుంటానే ఉంది సూడు. ఎవరు తాగుతాండారు మరి?"

ఆ లైటు మెరిసిన ప్రతిసారీ కొంచెం కరెంటు ఖర్చయినట్టు. రత్నమ్మ ఇంటి ఎంసీబీ, అంటే లైను మొత్తం తెంపే స్విచ్, దించేసినా. ఆమె ఫ్యాను ఆగింది. అందరి కళ్లూ మీటరు మీదే. మెరవలేదు. ఇంకా మెరవలేదు. "సూసినారా!" అని నాగప్పన్న చెయ్యెత్తినాడు.

అప్పుడు మెరిసింది.

"చెయ్యి దించున్నా" అన్నాను.

"దొంగ వైరు యాడో ఉంటాదమ్మా!"

నేను తిన్నగా నాగప్పన్న ఇంట్లోకే పోయినా. టీవీ కింద ఎర్ర చుక్క. సెట్‌టాప్ బాక్సు మీద పిల్లి వెచ్చగా పండుకోనుంది. హోమ్ థియేటర్, ఏసీ, లోపలి గదిలో ఇంకో టీవీ, అన్నీ రిమోటుతో "బందు" చేసినవే. "నీ పిల్లికి తెలిసింది గానీ నీకు తెలీలేదే!" అన్నా. దీన్నే మేం స్టాండ్‌బై అంటాం. రిమోటు నొక్కంగానే లేయడానికి వస్తువు ఒక కన్ను తెరిచి పండుకుంటుంది. గోడ స్విచ్‌లన్నీ తీసేసి వచ్చి నిలబడినా. ఎంతసేపు చూసినా ఎర్ర లైటు మెరవలేదు.

బిల్లు పెరిగింది ముఖ్యంగా ఏసీతోనే, మిగతాది ఈ నిద్రపోని సామాన్లతో. ఆ మాట అందరికీ వినపడేటట్టు చెప్పినా.

"సరేలే, ఉండుకో రత్నమ్మా" అన్నాడు నాగప్పన్న. తప్పయిందనడానికి మాత్రం నోరు రాలేదు.

"ఈ చీర దిగినంక పోతానప్పా. నన్ను దొంగ అనిన ఇంట్లో ఇంకో పడుగు ఎక్కియ్యను" అనింది. అన్నట్టే పోయింది.

ఇప్పుడు టీవీ కొనేవాళ్లకు కరెంటు ఆదా చెప్పే స్టార్లతో పాటు స్టాండ్‌బైలో ఎన్ని వాట్లు తాగుతుందో చూపిస్తా. స్విచ్ చేతికందే చోట పెట్టించుకోమని పోట్లాడతా. ఎవరైనా పక్కింటోళ్లు కరెంటు దొంగలని ఫోన్ చేస్తే మాత్రం, బ్యాగు తీసేముందే చెబుతా: "నేనొచ్చి చూసేదాకా ఆ మాట వీధిలో అనొద్దు."