బావ ఎంచిన పవర్ సప్లై

పోయిన వారం ప్రింటరులోకి సిరా కావలసి క్లాక్ టవర్ దగ్గరి కంప్యూటర్ అంగడికి వెళ్ళాను. నా ముందు ఒకతను నిలబడి ఉన్నాడు. చేని నుంచి నేరుగా వచ్చినట్టుంది, చెప్పులకు ఎర్రమట్టి ఇంకా ఆరలేదు. అంగడాయన బల్ల మీద, కంప్యూటరుకు కరెంటు అందించే పవర్ సప్లైలు రెండు పెడితే, అతను చెరో చేతిలోకి ఒకటి తీసుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు పైకీ కిందకీ ఆడించి చూశాడు. "అన్నా, అవి సొరకాయలు కాదు" అన్నాడు అంగడాయన. అతను పట్టించుకోలేదు. బరువుగా ఉన్నదాన్ని ముందుకు తోసి, "ఇది కట్టప్పా" అన్నాడు. నేను సిరా సంగతి మరిచిపోయి ఇంటికి వచ్చేశాను. సిరా ఏదని నా భార్య అడిగితే, మీ అన్న గుర్తొచ్చాడన్నాను.

మా బావ అంటే నా భార్యకు అన్న. నేను ఆయన్ను బావా అనేవాణ్ణి, ఆయనా నన్ను బావా అనేవాడు. ఇంట్లో ఎవరైనా బావను పిలిస్తే ఇద్దరం పలికేవాళ్ళం. ఉరవకొండ దగ్గరి పల్లెలో ఆయనకు పదకొండు ఎకరాల వేరుశనగ చేను, అందులో ఆరు బోర్లు ఉండేవి. ఐదు ఎండిపోయినవి, ఆరోది ఎప్పుడు ఎండుతుందో తెలియనిది. అయినా చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎవరి బోరులో నీళ్ళు పడినా, మోటారు కొనడానికి ఆయన్ను వెంటబెట్టుకుని పోవడం ఆనవాయితీ. నీళ్ళు ఎక్కడ పడతాయో చూసేవాడు వేరే ఉండేవాడు, అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని చేనంతా తిరిగేవాడు. అతని మాట నిజమైతే తర్వాతి పని బావది. పెళ్ళిచూపులకు పెద్దమనిషిని పిలుచుకుపోయినట్టు పిలుచుకుపోయేవారు. అంగడివాడు చెప్పే గొప్పలేవీ బావ వినేవాడు కాదు. ముందు మోటారును చేత్తో ఎత్తి చూసేవాడు, లోపల రాగి ఎంతుందో బరువే చెబుతుందని. తర్వాత ఒకటే ప్రశ్న: "లైను చివర కరెంటు ఎంత వస్తాది?" ఎవరైనా కాగితం చూపిస్తే, "కాగితంలో ఎప్పుడూ నిండుగానే వస్తాదప్పా, చేనికి రావల్ల గదా" అనేవాడు. ఆయన ఎంచిన మోటారు కాలిపోయిందన్న మాట ఎవరూ వినలేదు. ఆ పేరంటే ఆయనకు చాలా పట్టింపు. ఎండిన బోర్ల సంగతి ఎవరైనా ఎత్తితే, "మోటార్లు కాల్లేదు, నీళ్ళు పోయినాయి" అని సరిచేసేవాడు.

ఇక మా అమ్మాయి సంగతి. బెంగుళూరులో నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, ఇక ఆ ఊరు వద్దని ఇంటికి వచ్చేసింది. ఏం జరిగిందని మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. మళ్ళీ కడుపునిండా అన్నం తినడానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత ఇంటి నుంచే చేసే పని ఒకటి వెతుక్కుంది. ఎవరో కట్టబోయే భవనాలను ముందుగా కంప్యూటర్లో కట్టి, మనం వాటిలో నడిచిపోతున్నట్టు చిన్న సినిమా చేసి ఇవ్వాలి. పని ఇచ్చినవాళ్ళు ఒక నెల చూస్తామన్నారు. ఆ నెల చివరి శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకల్లా ఒక పెద్ద భవనం సినిమా వాళ్ళకు అందాలి. అందకపోతే ఇంటి నుంచి పని కుదరదు, బెంగుళూరు ఆఫీసుకు రావాల్సిందే, రాకపోతే ఉద్యోగం లేదు. అది మే నెల. మా కంప్యూటరేమో రోజూ మధ్యాహ్నం రెండు ప్రాంతంలో చెప్పాపెట్టకుండా ఆగిపోయేది. ఆ భవనం ముందు ఈత కొలను ఒకటి ఉంది. కంప్యూటరుకు గోడలు గీయడం తేలికేనట, నీళ్ళు గీయడమే కష్టమట. సరిగ్గా నీళ్ళ దగ్గరకు వచ్చేసరికి అది వేడెక్కిపోయేది.

అమ్మాయి తెలిసినవాళ్ళను ఫోన్లో అడిగి రెండు కారణాలు చెప్పింది. పెట్టెలోని పవర్ సప్లై నాసిరకం, ఎండాకాలం వోల్టేజీ పడిపోతే తట్టుకోలేదు. ప్రాసెసర్ వేడి తగ్గించే కూలర్ చిన్నది, మా ఊరి మే నెలకు చాలదు. రెండూ మార్చాలి, ఉన్నది నాలుగు రోజులు. ఏవి కొనాలో ఆమె ఇంటర్నెట్లో చదివింది. నేనూ చదివాను. పుస్తకాలు చదివే అలవాటున్నవాడికి ఏదైనా చదివితే తెలుస్తుందనే నమ్మకం ఉంటుంది. ఈ విషయంలో మాత్రం చదివేకొద్దీ నాకు తెలిసింది తగ్గుతూ వచ్చింది. మా ఇద్దరి వాదనా వినీ వినీ నా భార్య, "మా అన్నను పిల్చండి" అంది. అది బోరు మోటారు కాదన్నాను. "కరెంటుతో నడిచేదే కదా" అంది. ఫోను తీసుకుని ఆయనకు చేశాను.

బుధవారం పొద్దున్నే బావ దిగాడు. భుజాన తువాలు, జేబులో టెస్టరు, సంచిలో వేయించిన చెనక్కాయలు. అమ్మాయి తెర మీద తన భవనం చూపించింది. ఆయన గదులు చూడలేదు, మెట్లు చూడలేదు, కొలను దగ్గర ఆగిపోయాడు.

"ఈ నీళ్ళు యాడివి పాపా?"

"గీసినవి మామా."

"ఎంత లోతు?"

"ఐదడుగులు."

"ఐదడుగులకే నీళ్ళు!" అని ఆయన నావైపు తిరిగాడు. "ఆడ నేను ఏడు నూర్ల అడుగులు దించినా తేమ తగల్లేదు. ఇట్లాంటి చేను ఎవరన్నా అమ్మితే చెప్పు పాపా, గీసిందైనా తీసుకుంటా."

అంగడికి ముగ్గురం పోయాం. అంగడాయన మొదట ఎనిమిది వందల యాభై వాట్ల పవర్ సప్లై బయటికి తీశాడు. దానికి అద్దం, అద్దంలోంచి రంగుల దీపాలు. బావ దాన్ని ముట్టుకోకుండా అమ్మాయిని అడిగాడు, "నీ పెట్టె ఎంత తాగుతాది?" గట్టిగా పనిచేసేటప్పుడు అన్నీ కలిపి మూడు వందల యాభై వాట్లని ఆమె చెప్పింది.

"పెద్దది పెట్టుకుంటే ధైర్యం కదన్నా" అన్నాడు అంగడాయన.

"రెండించుల నీళ్ళకు పది హార్సు మోటారు దించినోళ్ళను చూసినాలే. వాళ్ళకు ధైర్యం బాగానే ఉండె, బోరుకే ల్యాకపాయ."

తర్వాత అద్దాలు పెట్టుకుని, పవర్ సప్లైల పక్కన అతికించిన చీటీలు ఒక్కొక్కటే చేయి చాచి దూరంగా పట్టుకుని చదివాడు. దీపాలున్నదాని మీద రెండు వందల నుంచి రెండు వందల నలభై వోల్టులని ఉంది. మూలన దుమ్ము పట్టి ఉన్న, ఏ దీపమూ లేని ఐదు వందల యాభై వాట్ల నల్లదాని మీద వంద నుంచి రెండు వందల నలభై అని ఉంది. దాన్ని ఎత్తి చూశాడు. ఇంకోసారి ఎత్తి చూశాడు. "ఇది బతుకుతాది" అన్నాడు. అంగడాయన ఆ నల్లదాన్ని తీసుకుని చీటీ తానూ చదివాడు. అప్పటిదాకా ఆ వరుస చదివినట్టు లేడు. "మా అంగట్లో వోల్టేజీ ఎప్పుడూ బాగానే ఉంటాది పెద్దాయనా" అన్నాడు. "ఎందుకుండదు? నీ అంగడి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉండాది. మా పాప ఇల్లు లైను చివర ఉండాది."

కూలర్ దగ్గర అంగడాయన పట్టుదలగా ఉన్నాడు. నీళ్ళతో చల్లబరిచేది ఒకటి పెట్టెలోంచి తీసి, గొట్టాలు చూపించి, ఇంతకు మించినది లేదన్నాడు. నీళ్ళన్న మాట వినగానే బావ కుర్చీలో ముందుకు జరిగాడు. ఎన్ని నీళ్ళు, ఎవరు పోస్తారు, ఎన్నాళ్ళకొకసారి పోస్తారని అడిగాడు. "పొయ్యాల్సిన పనే లేదన్నా, ఐదేండ్లు లోపల్లోపల్నే తిరుగుతాంటాయి" అన్నాడు అంగడాయన.

"మా బోరు బండోడు గూడా ఐదేండ్లనే చెప్పినాడు" అని బావ ఆ గొట్టాలను జాగ్రత్తగా వెనక్కి జరిపాడు. "నీళ్ళను నమ్ముకునే పని ఈ జిల్లాలో వద్దు పాపా. గాలి చూడు. అది మనకు కొదవ లేదు."

అలా రేకుల గోపురంలాంటి గాలి కూలర్ ఒకటి, దానితోపాటు పెట్టె ముందు ఒకటి, వెనక ఒకటి బిగించడానికి రెండు ఫ్యాన్లు ఇంటికి వచ్చాయి. గోపురం మా పెట్టెలో పడుతుందో లేదో అమ్మాయి ముందే కొలిచి పెట్టుకుంది కాబట్టి ఆ గండం లేదు.

గురువారమంతా బిగించడం. నా భార్య కుంకుమ భరిణె తెచ్చింది. కొత్త మోటారుకు బొట్టు పెట్టకుండా బోరులోకి దించరు. లోపల పొడి పడితే చెడిపోతుందని అమ్మాయి అడ్డం పడితే, చివరికి పెట్టె బయటివైపు ఒక చుక్కతో రాజీ కుదిరింది. టెంకాయ గడప దగ్గరే కొట్టాలని కూడా ఒప్పించాం. ఫ్యాన్లు బావే బిగించాడు. వేడి బయటికి పోవాలి కదా అని వెనక ఫ్యానును బయటికి ఊదేటట్టు పెట్టాడు, ముందు ఫ్యానునూ బయటికే ఊదేటట్టు పెట్టాడు. నేను పక్కన కూర్చుని, వాటితో వచ్చిన చిన్న పుస్తకం ఆసాంతం చదివాను.

శుక్రవారం పదకొండుకు అమ్మాయి పని మొదలుపెట్టింది. ఒంటిగంటన్నరకు వోల్టేజీ పడింది. స్టెబిలైజరు టిక్కుమంది, ఫ్రిజ్ ఆగిపోయింది, పైన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టగలిగినంత నెమ్మదిగా తిరిగింది. కంప్యూటరు మాత్రం ఆగలేదు. బావ గోడకు ఆనుకుని, ఎవరినీ చూడకుండా, మీసం సర్దుకున్నాడు. రెండూ పదికి, తెర మీద కొలను సగం నిండి ఉండగా, కంప్యూటరు ఆగిపోయింది.

"నేను బ్యాగు సర్దుకుంటా" అంది అమ్మాయి. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదనిపించింది. నా భార్య గుమ్మంలోంచి, "కాలిందా అన్నా?" అని అడిగింది. ఆయన జన్మలో ఎవరూ ఆయన్ను అడగని ప్రశ్న. బావ పక్క రేకు ఊడదీసి, అరచేయి లోపల పెట్టి, వాసన చూశాడు. "కాల్లేదు, ఉక్కతాండాది" అన్నాడు. చెల్లెలి వైపు తిరిగి, "ఒక ఊదుబత్తి అంటించి తేమ్మా" అన్నాడు. పూజ చేస్తాడేమోనని నేను భయపడ్డాను.

రేకు మళ్ళీ మూసి, కంప్యూటరు ఆన్ చేయించి, ఊదుబత్తి వెనక ఫ్యాను దగ్గర పట్టుకున్నాడు. పొగ దూరంగా కొట్టుకుపోయింది. ముందు ఫ్యాను దగ్గర పట్టుకున్నాడు. అక్కడా దూరంగా కొట్టుకుపోయింది. పెట్టె చుట్టూ తిప్పితే, ఎక్కడో రేకు సందులో మాత్రం ఒక సన్నని పోగు లోపలికి పోయింది. మళ్ళీ ముందుకు తెచ్చాడు. మళ్ళీ అదే.

"బయటికి తోడేదే చూసినా" అన్నాడు. "లోపలికి యాడనుంచి రావల్ల?"

ఇక దాచడం మంచిది కాదనిపించింది. "పుస్తకంలో ముందు ఫ్యానుకు బాణం గుర్తు లోపలికే ఉండె బావా."

"నిన్ననే చూసినావా?"

"చూసినా."

"మరి నోట్లో ఏముండె?"

"నోట్లో ఏమీ లేదు. నీ చేతిలో స్క్రూడ్రైవరు ఉండె."

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. అమ్మాయి ముఖంలో నవ్వులాంటిదేదో కదిలింది. బావ నన్ను తిట్టలేదు. కంప్యూటరు ఆపించి, ముందు ఫ్యాను మరలు ఊడదీస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు: "నా చేను గూడా ఇట్లనే పోయింది బావా. ముప్పై ఏండ్లు తోడినా. లోపలికి ఏం పోతాంది అని ఒక్కనాడు చూడల్యా." ఆయన ఫ్యాను తిప్పి పెట్టాడు. నేను మరలు ఒక్కొక్కటే అందించాను.

మూడుకు పది నిమిషాలుండగా మళ్ళీ మొదలైంది. అంతకుముందు గీసిన భాగం భద్రంగానే ఉంది. మిగతాది గీయడానికి మూడున్నర గంటలు పడుతుందని తెర చెప్పింది. ఆ మూడున్నర గంటలూ బావ ప్రాసెసర్ వేడి చూపించే అంకె ఎదుట కూర్చున్నాడు. ఆగిపోకముందు తొంభై అయిదు దాటిన అంకె ఇప్పుడు డెబ్బై దగ్గర తిరుగుతోంది. నా భార్య వచ్చి, అన్నం తినన్నా అంది. "డెబ్బై మూడు" అన్నాడు. చల్లారిపోతోంది అంది. "డెబ్బై ఒకటి" అన్నాడు. కొలను నిండింది, అందులో మేఘాల నీడ కూడా పడింది. ఆరూ ఇరవైకి పని పూర్తయింది, ఏడుకు పది నిమిషాల ముందు అవతలివాళ్ళకు చేరింది. అందిందని రెండు మాటల జవాబు వచ్చేదాకా ఎవరం కదల్లేదు. ఆ పూట అమ్మాయి సంగటి రెండు ముద్దలు తింది. పూజకని ఉంచిన ఆఖరి ఊదుబత్తి కాల్చేశాడని నా భార్య అన్నను సాధిస్తూనే ఉంది.

ఉద్యోగం నిలిచింది. అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయింది. మూడో ఏడు బావకు ఒంట్లో బాగాలేక, వారానికి రెండుసార్లు పట్టణంలో ఆసుపత్రికి రావలసి వచ్చింది. వచ్చినప్పుడల్లా మధ్యాహ్నాలు అమ్మాయి గదిలో మంచం వేయించుకుని పడుకునేవాడు. మందులు వేళకు ఇచ్చేది ఆమే, ఆటో పిలిచేది ఆమే, డాక్టరుతో మాట్లాడేదీ ఆమే. కళ్ళు మూసుకునే, "ఎంత?" అని అడిగేవాడు. ఆమె పని ఆపకుండానే అరవై ఎనిమిది అనో, డెబ్బై అనో చెప్పేది. "నాకంటే నీ పెట్టెకే ఆరోగ్యం బాగుండాది" అనేవాడు. అలా దాదాపు ఏడాదిన్నర. పోయిన సంవత్సరం వానలు మొదలవుతుండగా ఆయన పోయాడు.

ఆ శుక్రవారం ఏడు గంటల గడువు గురించి ఎంత ఆత్రపడ్డామో నాకు బాగా గుర్తుంది. ఒక ఉద్యోగం కోసమనే అనుకున్నాం. ఆ గడువు తప్పి ఉంటే అమ్మాయి బెంగుళూరులో ఉండేది, ఆ ఏడాదిన్నర మధ్యాహ్నాలు ఆయన ఆ ఖాళీ గదిలో, ఎంత అని అడగడానికి ఎవరూ లేక, ఒక్కడే పడుకుని ఉండేవాడు. ముందున్న కాలంలో ఎంత భాగం ఆ నాలుగు గంటల మీద ఆనుకుని ఉందో అప్పుడు మాకు తెలియదు. తెలిసి ఉంటే ఒక్క మర కూడా బిగించగలిగేవాళ్ళం కాదు.