పెయింట్ డబ్బాలో మట్టి

పెయింట్ డబ్బాను చూసి అసూయపడ్డానంటే నవ్వుతారు. ఒమాన్‌లో దుక్మ్ నుంచి మస్కట్ వచ్చే బస్సులో అది నా పక్క సీటతని ఒళ్లో ఉంది. అతను మూత తీయగానే వానకు తడిసిన నేల వాసన వచ్చింది. లోపల నల్లటి ఆకుమట్టి.

"మా లేబర్ క్యాంపుల చేసిన సార్. మా అన్న మస్కట్‌ల, ఘాలాల ఉంటడు, రూమ్ ముంగట మిర్ప చెట్లు పెట్టిండు, గవ్వాటికి."

నాకు కడుపు మండింది. చలిదేశాల అడవుల్లో రాలిన ఆకు మట్టిగా ఎలా మారుతుందో పుస్తకంలో చదివి, మస్కట్‌లోని వాదీ కబీర్ పేటలో మా బాల్కనీలో మూడేళ్లుగా నేనూ బాదం ఆకులు గోతాంలో కుక్కి ఎండలో పెడుతున్నాను. అవి అప్పడాల్లా విరగడం తప్ప మట్టయింది లేదు.

"ఎలా చేశారు?" అన్నాను, ఏమీ పట్టనట్టు.

"ఏసీ పైపు నీళ్లు సార్. ఆకుల మూటను రూమ్ ఎన్క నీడల, పైపు కింద పెట్టిన. సల్లగ, తడిగ ఉంటె బూజు పడ్తది. ఆ బూజే ఆకును తింటది."

పుస్తకంలోనూ అదే ఉంది. నేనే ఎండను నమ్ముకున్నాను.

"మీరు గూడ చేస్తరా సార్?"

"చేస్తాను. మాది ఇంతకన్నా నల్లగా వస్తుంది."

అతని ముఖం వెలిగిపోయింది. గుప్పెడు మట్టి తీసి, కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. "మీ మంచి దాంట్ల ఇది గూడ కలుపుండ్రి సార్."

ఇప్పుడు మా గోతాం ఏసీ పైపు కింద ఉంది. ఆకు నల్లబడింది. ఎవరు చెప్పారని మా ఆవిడ అడిగితే, పుస్తకంలో చదివానన్నాను.